గట్ల మీద అన్నం

లువాన్ అక్క మాటలు కలగాపులగమైపోయింది ఆ చలికాలంలోనే. కొత్త సంవత్సరం పండక్కి కుడుములు చుడుతూ చుడుతూ, పిండి చేతులతోనే పక్కకి ఒరిగిపోయింది. పట్నం ఆసుపత్రిలో ఉంచి, వీధిలో మంచు ఇంకా మోకాలి లోతున ఉండగానే ఇంటికి తీసుకొచ్చారు. కాళ్ళకేం కాలేదు. కుడిచేతిలో పట్టు తగ్గింది. తింటుంది, నవ్వుతుంది, ఎవరు ఎవరో గుర్తుపడుతుంది. మాట మాత్రం ఒకటి అనబోతే మరొకటి వస్తుంది. బుర్ర లోపలంతా బాగానే ఉందని, నోటిదాకా వచ్చే దారిలోనే మాటలు తారుమారవుతున్నాయని డాక్టరు చెప్పాడట.

మా రెండిళ్ళ వాకిళ్ళకీ మధ్య ఒక కర్రల కంచె. అందుకే ఆ వసంతంలో ఆ ఇంట్లో జరిగిందంతా నా కళ్ళముందే జరిగింది. అలాగని నాకేదో అర్థమైందని కాదు. నేనూ వాళ్ళతోపాటు తికమకపడ్డదాన్నే.

ఇంటి గుమ్మం నుంచి రోడ్డుదాకా లువాన్ అక్క కూరగాయల తోట. మా వీధిలో అంతటి తోట ఇంకొకటి లేదు. గట్లు తాడు పట్టి గీసినట్టుండేవి. కోడల్ని అందులోకి రానిచ్చేది కాదు. "నేను కోసిచ్చింది వండు చాలు" అనేది. కోడలి పేరు త్సైయున్. అక్క కొడుకు లీబిన్ లారీ డ్రైవరు. మా ఉత్తరాది నుంచి దక్షిణాదికి కలప తోలే రోజుల్లో అక్కడే ఆ పిల్లని చూసి, పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఆ పిల్ల పుట్టిన ఊళ్ళో నీళ్ళు గడ్డకట్టడమనేది లేదు. ఏ కాలంలో ఏ గింజ పడేసినా మొలుస్తుందట. మాట కూడా మా మాటలా ఉండదు. ఆమె నోట నాలుగూ పదీ ఒక్కలాగే పలుకుతాయి. ఓసారి నాలుగు గుడ్లు అడిగితే నేను పది ఇచ్చాను. మొహమాటపడి పదీ తీసుకుపోయింది.

అలాంటి పిల్ల చేతికి ఆ ఏడు తోట వచ్చిపడింది.

మంచు కరిగి, నేల పైపైన మెత్తబడిన రోజు అక్క గుమ్మంలో నిలబడి కేకలు మొదలుపెట్టింది. "అల్లుడు! అల్లుణ్ణి తీసుకురా!"

త్సైయున్ కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "పిన్నీ, అత్తమ్మకి అల్లుడెవరున్నారు?"

"ఆడపిల్లే లేదు కదే, అల్లుడెక్కణ్ణించి వస్తాడు?"

"మరి తీసుకురమ్మంటున్నారు!"

పాపం, ఒక్కొక్కటే తెచ్చి చూపించింది. కుర్చీ తెచ్చింది. కోటు తెచ్చింది. గోడ మీది లీబిన్ ఫొటో కూడా తెచ్చింది. అక్క తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి పార తెస్తే మొహం వికసించింది. సరే, అల్లుడంటే పార అనుకున్నాం ఇద్దరం. మర్నాడు అక్క "అల్లుడు" అన్న మరుక్షణం త్సైయున్ పారతో ప్రత్యక్షమైంది. అక్క దాన్ని లాక్కుని వాకిట్లోకి విసిరికొట్టింది. ఆ రోజు అల్లుడంటే రబ్బరు బూట్లు.

అక్కడే వచ్చింది చిక్కంతా. ఏ మాటా రెండు రోజులపాటు ఒక్క వస్తువు మీద నిలిచేది కాదు. పోనీ అన్నీ తప్పులేనా అంటే అదీ కాదు. అప్పుడప్పుడూ ఒక మాట సరిగ్గానే పడేది. ఏది సరిగ్గా పడిందో తెలుసుకునే దారి మాకు లేదు.

తర్వాత గింజల గొడవ. చిన్న చిన్న గుడ్డమూటల్లో కట్టి, వంటింటి దూలానికి వేలాడదీసి ఉంచేది అక్క. ఎలకలు అందుకోకుండా. ఏ మూటలో ఏముందో ఆవిడకి ముడి చూస్తే తెలుసు. త్సైయున్ వాటిని దించి, గదిలో పొయ్యి సెగతో వెచ్చగా ఉండే ఇటుక అరుగు మీద అత్తగారి ముందు వరసగా పరిచింది. నేనూ వెళ్ళి కూర్చున్నాను.

"ఇదేమిటి అత్తమ్మా?"

"రైలు" అంది అక్క, ఏ మాత్రం అనుమానం లేకుండా.

"మరి ఇది?"

"ఇదా? రైలు."

మూడోదానికి కూడా రైలే వచ్చేసరికి ఆవిడకే తెలిసిపోయింది. పెదవులు బిగబట్టి గోడవైపు తిరిగి కూర్చుంది. త్సైయున్ మొగుడికి ఫోన్ చేసింది. అతను ఎక్కడో లారీ ఆపుకుని నూడుల్స్ తింటున్నాడు.

"ఏవండీ, చిన్నగా, చదునుగా, పసుపు రంగులో ఉన్నాయి. ఏమిటవి?"

"గింజలు."

"గింజలని నాకూ తెలుసండీ! ఏం గింజలు?"

"నన్నడుగుతావేంటే? ఆ తోటలో నేను దొంగతనంగా దోసకాయలు తెంపుకోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు. పక్కింటి పిన్నిని అడుగు."

పక్కింటి పిన్ని అంటే నేను. చిక్కుడు గింజలూ దోసగింజలూ ఎవరికైనా తెలుస్తాయి. మిరపకీ వంకాయకీ తేడా చెప్పడానికి నేను కిటికీ దగ్గరికి పోయి, కళ్ళజోడు పెట్టుకుని, గింజల్ని వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఏదో ఒకటి చెప్పాను. నిజం చెప్పాలంటే రెండు మూటల విషయంలో నాకే నమ్మకం లేదు. అయినా చెప్పేశాను. ఆ పిల్ల అంత ఆశగా చూస్తుంటే తెలియదనడానికి నోరు రాలేదు.

చెక్కపెట్టెల్లో మట్టి నింపి, గింజలు నాటి, అరుగు మీద పొయ్యి వైపు వెచ్చగా ఉండే చోట పెట్టింది త్సైయున్. మొలకలు రాగానే పెట్టెల్ని కిటికీ పక్కకి మార్చింది. బంగాళాదుంపలు కోసి, ముక్కలకి బూడిద రాసి, బయట గట్ల మీద పాతింది. పాలకూరా ఉల్లీ చల్లింది. అవి చలికి ఆగుతాయి కాబట్టి పరవాలేదు. ఇంతవరకూ అన్నీ సవ్యంగానే నడిచాయి. అక్క కూడా కాస్త శాంతించింది. కర్ర పట్టుకుని గట్ల వెంట తిరుగుతూ, కోడలు వంకరగా తీసిన గట్టుని కాలితో సరిచేసేది.

మే నెల సగానికి వచ్చేసరికి ఎండ ముదిరింది. అంత తొందరగా అంత ఎండ మేమెవ్వరమూ ఎరగం. పగలు చొక్కా మీద చొక్కా అక్కర్లేకపోయింది. కిటికీ దగ్గర మొలకలు జానెడెత్తు లేచి, ఒకదాని మీద ఒకటి పడి, అద్దాన్ని తోస్తున్నాయి. వీధిలో సగంమంది టమాటా, మిరప నాటేశారు. నేనూ దోస నాటాను.

ఒక ఉదయం అక్క ఆ పెట్టెల ముందు నిలబడి, ఎడంచేత్తో మొలకల్ని చూపించి, తోటని చూపించి, "ఇంటికి, ఇంటికి" అంది.

త్సైయున్ నన్ను పిలిచి అడిగింది. "పిన్నీ, తోటలో పెట్టమంటున్నారు కదూ?"

అక్క మళ్ళీ పెట్టెని తట్టి, బయటికి చెయ్యి చాపి, "ఇంటికి!" అంది. గట్టిగా.

"అవును, తోటనే ఇల్లంటోంది. మొక్కకి ఇల్లు తోటేగా" అన్నాను నేను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఆ రోజంతా వంగి వంగి నాటింది ఆ పిల్ల. టమాటా, మిరప, వంకాయ, దోస, అన్నీ. నడుం పట్టుకుపోయినా మొహంలో ఎంత సంతోషమో! అక్క పొద్దుట మందు వేసుకుని పడుకుని, పొద్దువాలేదాకా నిద్రలోనే ఉంది. లేచి గుమ్మంలోకి వచ్చి, ఖాళీ పెట్టెల్ని చూసింది, తోటని చూసింది. కర్ర పారేసి గట్ల మీదికి పోయి, ఎడంచేత్తో మొక్కలు పీకడం మొదలుపెట్టింది.

"అత్తమ్మా! ఏం చేస్తున్నారు? ఆగండి!"

అక్క ఆగలేదు. ఒక్కొక్కటీ మట్టితో సహా పెకలించి ఒడిలో వేసుకుంటోంది. కోడలు చెయ్యి పట్టుకుంటే విదిలించింది. "దొంగా! దొంగా!" అని అరిచింది. ఆ మాట సరైనదో కానిదో ఎవరికి తెలుసు? త్సైయున్‌కి మాత్రం సూటిగా గుచ్చుకుంది.

"నేను దొంగనా? మీరు పెట్టమన్నారనే కదా పెట్టాను! పొద్దున్నుంచి ఎండలో చచ్చాను! నేనేం చేసినా తప్పే, చెయ్యకపోయినా తప్పే! నన్నేం చెయ్యమంటారు మీరు?" అని ఆ గట్టు మీదే కూలబడి ఏడ్చింది. దక్షిణాది మాటలో ఇంకా ఏమేమో అంది. అవి నాకు తెలియలేదు.

వీధి వీధంతా కంచెల దగ్గర చేరింది. "పాపం, ముసలావిడకి మతి కూడా పోయినట్టుంది" అన్నారెవరో. నేను వెళ్ళి అక్కని లోపలికి నడిపించాను. త్సైయున్ కళ్ళు తుడుచుకుని, పీకిన మొక్కల్ని మళ్ళీ నాటి, తోట తలుపుకి తాడు కట్టేసింది.

రెండు మూడు రోజులు అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేవు. ఒకరికి మాటలు రావు, ఒకరికి మాట్లాడాలని లేదు. అక్క తోట తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ఆకాశంలోకి చూస్తూ ఉండేది.

అలా కూర్చున్న ఆవిడ ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి లేచి నిలబడింది. "అన్నం!" అంది. "అన్నం! అన్నం!"

అప్పుడే భోజనాలయ్యాయి. అయినా కోడలు మారు మాట్లాడకుండా లోపలికి పోయి, గిన్నెలో అన్నం పెట్టి తెచ్చింది. అక్క ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. తినలేదు. తాడు విప్పి, తోటలోకి పోయి, గుప్పెడు గుప్పెడు అన్నం తీసి గట్ల మీద చల్లింది. టమాటా మొక్కల మీద, వంకాయ ఆకుల మీద, మట్టి మీద. గిన్నె ఖాళీ అయ్యాక తిరిగి కోడలి వైపు చూసి, నేల వైపు చెయ్యి చూపిస్తూ నిలబడింది.

"చూశావా పిన్నీ?" అంది త్సైయున్ నీరసంగా. ఈసారి ఏడవలేదు. "ఇంక నావల్ల కాదు. ఆయన రాగానే మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళమంటాను."

నేనేమన్నాను? "అలాగే చెయ్యి తల్లీ" అన్నాను. కోళ్ళు వచ్చి అన్నం ఏరుకుంటుంటే నవ్వొచ్చింది కూడా.

సాయంత్రం పొయ్యిలో బూడిద పారబోయడానికి బయటికొచ్చాను. పొద్దుటినుంచి కొట్టిన గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు, కడిగిన గాజులా ఉంది. బూడిద తట్ట పట్టుకున్న వేళ్ళు చురుక్కుమన్నాయి. ఇదేమిటి, ఇంత చలి ఎక్కణ్ణించి వచ్చిందా అనుకుంటూ కంచె అవతలకి చూశాను. చీకటి పడుతున్న ఆ వేళకి, కోళ్ళు తినగా మిగిలిన మెతుకులు గట్ల మీద తెల్లగా మెరుస్తున్నాయి. ఆకుల మీద తెలుపు, మట్టి మీద తెలుపు.

తట్ట అక్కడే పడేసి కేకలు మొదలుపెట్టాను.

"త్సైయున్! ఒసే త్సైయున్! బయటికి రా! తెల్లమంచు! ఇవాళ తెల్లమంచు పడుతుందే! మీ అత్త చెప్పింది అదే!"

పిల్ల కంగారుగా బయటికొచ్చింది. "మంచా? ఎండాకాలం వస్తుంటే మంచేమిటి పిన్నీ?"

"పైనుంచి పడే మంచు కాదే. గాలి ఆగి, ఆకాశం తేటబడితే నేల మీద తెల్లగా పేరుకుంటుంది చూడు, అది. తెల్లారేసరికి లేతాకు నల్లగా మాడిపోతుంది. కప్పు! దొరికింది దొరికినట్టు కప్పు!"

ఆ పిల్ల ఒక్క క్షణం గట్ల మీది మెతుకుల్ని చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఎంత వేగంగా కదిలిందో చెప్పలేను. బకెట్లు, తొట్లు, కుండలు, మూకుళ్ళు, క్యాబేజీ పులియబెట్టే జాడీ మూతలు, లీబిన్ చలి కోట్లు, పాత పేపర్లు, అన్నీ మోసుకొచ్చింది. నేను మా ఇంటి గోనెసంచులు కంచె మీదుగా విసిరాను. మొక్కకొకటి బోర్లిస్తూ పోయాం. "ముందు మిరప! లేదు, వంకాయ! పిన్నీ, దోస సంగతేంటి?" "ఏది దగ్గరుంటే అది కప్పవే!" నా దోసపాదుల సంగతి నాకే గుర్తులేదు.

అప్పుడు లోపల్నించి అక్క వచ్చింది. చేతుల నిండా బట్టలు. ముదురునీలం పట్టు కోటు, మడత నలగని పొడుగు లంగా, బంగారు రంగు దుప్పటి.

చూడగానే గుర్తుపట్టాను. మా వైపు వయసు మళ్ళినవాళ్ళంతా పెట్టె అడుగున ఒక జత దాచుకుంటారు. ప్రాణం పోయాక తొడగాల్సిన బట్టలు. అక్క తన జత మంచి నెల చూసి, మంచి కుట్టుపనివాడితో కుట్టించుకుంది. నాకొకసారి చూపించింది కూడా, అతిథికి వెండి గిన్నెలు చూపించినంత గర్వంగా. ఆ బట్టలు బతికున్నవాళ్ళు వాడరు. నేలకి తగలనివ్వరు.

అక్క ఆ దుప్పటి విదిలించి, వంకాయ మొక్కల మీద పరిచింది. టమాటా గట్టు మీద కోటు కప్పి, దాని చేతులు రెండూ చాపి, అంచుల మీద మట్టిగడ్డలు పెట్టింది.

"ఎంత మంచి బట్టలు అత్తమ్మా! పాడైపోతాయేమో!" అంది త్సైయున్. ఆమెకి అవేమిటో తెలియదు. ఎవరూ చెప్పలేదు.

నేను నోరు తెరిచాను. ఏం చెప్పను? అక్కకి అవేమిటో గుర్తుందా, లేక మాటలతోపాటు వస్తువులు కూడా కలిసిపోతున్నాయా? చీకటి ముసిరిపోతోంది. కప్పాల్సిన మొక్కలు ఇంకా ఉన్నాయి. నోరు మూసుకుని ఇంకో కుండ అందుకున్నాను.

తెల్లవారేసరికి ఊరంతా ఉప్పు చల్లినట్టుంది. వీధిలో ముందే నాటినవాళ్ళందరి మొక్కలూ వేలాడిపోయాయి. నా దోసపాదులు ఉడకబెట్టిన ఆకుకూరలా ఉన్నాయి. వాటి ముందు నిలబడి ఉసూరుమంటుంటే రోడ్డు మీద లారీ ఆగిన చప్పుడు, ఆ వెంటనే గావుకేక.

లీబిన్. వారం రోజులు లారీ మీద తిరిగి ఇంటికొచ్చాడు. వాకిలంతా బోర్లించిన కుండలు. ఇంట్లో అలికిడి లేదు, అలిసిపోయి ఇద్దరూ ఇంకా లేవలేదు. తోట మధ్యలో తల్లి చావుబట్టలు, చేతులు చాపుకుని, మంచుతో తెల్లగా.

"అమ్మా! అమ్మా! నన్ను వదిలేసి పోయావా! ఒక్క మాట చెప్పలేదే నాకు!" అంటూ తోట తలుపు తోసుకుని వచ్చి, ఆ కోటు పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. అంత మనిషీ నేల కొట్టుకుంటూ ఏడుస్తున్నాడు.

"ఒరేయ్ లీబిన్! ఒరేయ్, మీ అమ్మ..." అని నేను కంచె మీంచి అరుస్తున్నా వినిపించుకోడే!

ఆ అరుపులకి త్సైయున్ జుట్టు విరబోసుకుని బయటికొచ్చింది. "ఏమైందండీ? ఎవరు పోయారు?" అని, మొగుడు ఏడవడం చూసి, ఏం తెలియకుండానే తనూ ఏడుపు అందుకుంది. "అయ్యో, ఎవరో చెప్పండి!"

"అమ్మ ఎప్పుడు పోయిందే? నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?"

"అత్తమ్మ పోయారా?" అని ఆ పిల్ల బెదిరిపోయి ఇంట్లోకి పరిగెత్తబోయింది. గుమ్మంలో అత్తగారే ఎదురొచ్చింది, చేతిలో చీపురుతో. కొడుకు కూర్చున్న చోటు చూసింది. మోకాళ్ళ కింద రెండు మిరప మొక్కలు నలిగిపోయి ఉన్నాయి. తిన్నగా వెళ్ళి చీపురుతో వీపు మీద ఒకటిచ్చింది.

"గుర్రం! గుర్రం! లే!"

లీబిన్ తల్లిని చూశాడు, కోటుని చూశాడు. మళ్ళీ తల్లిని చూశాడు. ఏడుపు ఆగలేదు, నవ్వూ వచ్చింది, రెండూ కలిసి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. ఇంకొకటి పడింది వీపు మీద. అప్పుడు లేచాడు.

ఎండ వచ్చాక కప్పినవన్నీ తీసి చూశాం. దోస ఒక్కటీ బతకలేదు. పేపర్లు కప్పిన మిరప చాలావరకు పోయింది. కుండల కింద సగం మిగిలాయి. పట్టు కోటు కింద టమాటాలూ, దుప్పటి కింద వంకాయలూ చెక్కుచెదరలేదు. త్సైయున్ వాటి ఆకుల్ని ఒక్కొక్కటే తాకుతూ చాలాసేపు కూర్చుంది. ఖాళీ పడ్డ చోట మళ్ళీ గింజలు పెట్టడానికి పెట్టెలు సిద్ధం చేస్తుంటే, అక్క వచ్చి ఒక పెట్టె ఎత్తి బయట ఎండలో పెట్టింది. పొద్దువాలాక తనే ఎత్తుకుని లోపలికి తెచ్చింది. మర్నాడూ అంతే.

"ఇదే పిన్నీ అప్పుడు చెప్పింది" అంది త్సైయున్. "పగలు బయట పెట్టి, సాయంత్రం ఇంటికి తెమ్మని. చలికి అలవాటయ్యేదాకా. ఇంటికి అంటే ఇంటికే."

ఆ మాటకి నేను తల ఎత్తలేకపోయాను.

అవేమిటో అప్పటికీ ఎవరూ చెప్పలేదు కాబోలు, ఆ పట్టుబట్టల్ని త్సైయున్ ఉతికి, రోడ్డువైపు తీగ మీద ఆరేసింది. దారిన పోయేవాళ్ళు ఠక్కున ఆగి, గొంతు తగ్గించి, "ఎవరైనా...?" అని అడుగుతున్నారు. ఆ పిల్ల "అవునండీ, మంచి పట్టు, మా అత్తమ్మవే" అని నవ్వుతూ జవాబిస్తోంది. మధ్యాహ్నానికి ఇద్దరు కాగితం పూలు పట్టుకుని పరామర్శకి వచ్చారు. అప్పుడు లీబిన్ ఇక లాభం లేదని భార్యని పక్కకి పిలిచి సంగతి చెప్పాడు. ఆమె మొహం పాలిపోయింది. పరుగున పోయి తీగ మీంచి బట్టలు తీసింది. తియ్యడమైతే తీసింది గానీ, తడిబట్టల్ని చేతుల్లో పెట్టుకుని, లోపలికి తీసుకుపోవాలో కూడదో, తను తాకొచ్చో కూడదో తెలియక వాకిట్లోనే నిలబడిపోయింది.

అక్క నీడలో కూర్చుని లేత ఉల్లికాడలు కడుగుతోంది. ఆ ఏడు తోటలోంచి వచ్చిన మొదటి పంట అదే. త్సైయున్ ఆవిడ ముందు చతికిలబడింది. నేనూ కంచె దాటి వెళ్ళాను. నాకూ అదే ప్రశ్న.

"అత్తమ్మా, ఇవి ఏం బట్టలో మీకు తెలుసా? తెలిసే కప్పారా?"

అక్క చెయ్యి ఆపింది. కోడలి మొహం చూసింది, బట్టల్ని చూసింది, టమాటా గట్టు వైపు చూసింది. ఈసారి తొందరపడలేదు. మాటని వెతికి వెతికి పట్టుకున్నట్టే ఉంది.

"మేనత్తకి కిటికీ చిన్నది కదా, మరి!" అంది.

త్సైయున్ నా వైపు తిరిగింది. "ఏమన్నారు పిన్నీ?"

"నాకేం తెలుసే?"

అక్క మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నిట్టూర్చి, ఒక ఉల్లికాడని పక్క గిన్నెలోని పులిసిన సోయా ముద్దలో అద్ది కోడలి నోటికి అందించింది. ఆ పిల్ల చేతుల నిండా తడిబట్టలే. నోరు తెరిచి కొరికింది. ఘాటుకి కళ్ళు మూసుకుపోయాయి, అయినా నములుతోంది. అక్క ఇంకొకటి తీసి ముద్దలో అద్దింది. అది నాకు.